సీతాఫలం చెక్కిన దర్వాజ

పిల్లల నవలలు రాసేవాళ్లకు ఒక సలహా ఇచ్చి మొదలుపెడతాను. ఎక్కడో చూసిన వస్తువును కథలో పెడితే, అది ఎక్కడ చూశారో ఒక కాగితం ముక్క మీద రాసిపెట్టుకోండి. నేను రాసిపెట్టుకోలేదు. అందుకే దసరా సెలవుల్లో ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకోవలసినదాన్ని, పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎర్రబస్సులు ఎక్కుతూ దిగుతూ నడుం విరగ్గొట్టుకున్నాను.

నేను తెనాలిలో తెలుగు టీచర్ని. పిల్లల మాసపత్రికలో నా నవల ఒకటి సీరియల్‌గా వస్తోంది. కృష్ణ మీద ఆనకట్ట కట్టాక ఊరు మునిగిపోతే, ఒక పిల్ల తన ఇల్లు వెతుక్కుంటూ ఊరూరా తిరిగే కథ. ఆ ముంపు ఊళ్లు నేను చూసిన పాపాన పోలేదు. పేపర్లు చదివి, మ్యాపు ముందేసుకుని రాసేశాను. నాలుగో భాగంలో మాత్రం ఆ పిల్ల ఇంటికి ఒక నిజమైన ద్వారబంధం పెట్టాను. పైన రెండు చిలకలు, అందులో ఎడమ చిలకకు ముక్కు విరిగింది. రెంటి మధ్యా తామరపువ్వు ఉండాల్సిన చోట సీతాఫలం. మూడేళ్ల కిందట హైదరాబాదు నుంచి తిరిగొస్తూ దారిలో ఎవరింటికో చూసి, నవ్వొచ్చి, మనసులో పెట్టుకున్నాను.

అది అచ్చయిన నెలకు కొల్లాపూర్ దగ్గరి ముంపువాసుల కాలనీ నుంచి ఒక కార్డు వచ్చింది.

"టీచర్‌కు నమస్కారం. నా పేరు బాలమణి. ఏడో తరగతి. మీరు రాసిన దర్వాజ మాది. ఊరు మునిగినప్పుడు లారీల పోయింది. రెండు చిలుకలు, నడుమ సీతాఫలం అని మా అవ్వ రోజు చెప్తది. మీరు యాడ చూసిండ్రు? జల్ది రాయుండ్రి. దర్వాజ దొరకకుంటే నా సదువు బందయితది."

ద్వారబంధం దొరక్కపోతే చదువెందుకు ఆగాలో నాకు అర్థం కాలేదు. పోచంపల్లిలో చూసినట్టు గుర్తు అని జవాబు రాసి, చేతులు దులుపుకున్నాను. వారంలో రెండో కార్డు వచ్చింది. "మీరే వచ్చి చూపియ్యాలె. అవ్వ తయ్యారున్నది." ఎలా వచ్చి చూపించాలో, ఎందుకు చూపించాలో ఒక్క ముక్క లేదు. మా ఆయన ఆ కార్డు చదివి, "రాసేటప్పుడు నన్నడిగావా? వెళ్లు, అనుభవించు," అన్నారు. నిజానికి నవలకు చివరి భాగం ఒక్కటే బాకీ. పిల్ల నీటి ఒడ్డున నిలబడి, మునిగిన తన ఊరి వైపు చూస్తూ ఏడ్చే ఘట్టం అప్పటికే రెండు పేజీలు రాసి ఉంచాను. ఆ నీళ్లేవో ఒకసారి చూసొస్తే పోలా అని బయల్దేరాను.

షాద్‌నగర్

హైదరాబాదులో కొల్లాపూర్ బస్సెక్కితే, షాద్‌నగర్ వచ్చేసరికే సీటు కింద నాలుగు బుట్టలు, ఒళ్లో ఎవరిదో చంటిపిల్ల. బస్టాండులో సీతాఫలాలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. మా వైపు కాయను బట్టి బేరం, ఇక్కడ బుట్టను బట్టి. నాకు రెండు కాయలు చాలన్నాను. అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "రెండు కాయలు ఎవరమ్ముతరమ్మా? తీస్కపో, ఊకెనే తిను," అని రెండు కాయలు నా చేతిలో పెట్టేసింది. అభిమానంగా ఇచ్చిందో, విసుక్కుని ఇచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కాయలు మాత్రం అమృతం.

పక్క సీట్లో అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే పెద్దమనిషి ఉన్నాడు. ఎందుకు పోతున్నానని అడిగాడు. చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"ముంపు ఊర్ల కట్టె అంత గీ రోడ్డు మీదికెళ్లే పోయిందమ్మా. దూలాలు, దర్వాజలు, తలుపులు. గప్పుడు ఈడ పాత కట్టె అమ్మే అడ్డాలు శానుండె. ఎవరిది ఎవరు కొన్నరో ఎవరికెరుక?"

"మరి దొరుకుతుందంటారా?"

"మీరు జూసిండ్రు గదా? యాడ జూసిండ్రో గుర్తు జేస్కోండ్రి," అన్నాడు. అదేదో చాలా తేలికైన పని అన్నట్టు. అన్నాక కళ్లు మూసుకుని జడ్చర్ల దాకా నా భుజం మీదే నిద్రపోయాడు.

కాలనీ

కొల్లాపూర్ నుంచి ఆటోలో పోయాక, రాళ్లగుట్టల నడుమ వరసగా ఇళ్లు. బాలమణిది చివరి ఇల్లు. రాతిగోడలు, పైన రేకులు. లోపలికి పోయే దారికి మాత్రం ద్వారబంధం లేదు, తలుపు లేదు. గోడలో వదిలిన ఖాళీ, దానికి వేలాడే గోనెపట్టా. పదేళ్లుగా అంతేనట.

బాలమణి సన్నగా, పొడుగ్గా, నన్ను తప్పు చేసిన విద్యార్థిని చూసినట్టు చూసే పిల్ల. వాళ్ల అవ్వ పేరు ఈరమ్మ, డెబ్బై దాటిన మనిషి. కొడుకు ఆంజనేయులు, కోడలు కూలిపని చేస్తారు. జొన్నరొట్టెలు, పుంటికూర పెట్టారు. పుంటికూరంటే మా గోంగూరే. మా గుంటూరు గోంగూర ముందు ఏదైనా దిగదుడుపే అని గొప్పలు పోయే నేను రెండోసారి వడ్డించుకున్నాను.

అసలు సంగతి భోంచేశాక తెలిసింది. మేం ద్వారబంధం అనేదాన్ని వాళ్లు దర్వాజ అంటారు, గడపను కడప అంటారు. ఇల్లు కట్టేటప్పుడు మంచిరోజు చూసి దర్వాజ నిలబెట్టడమే అక్కడ పెద్ద పండగ. ఊరు ఖాళీ చేసేటప్పుడు గోడలు తెచ్చుకోలేరు కాబట్టి, అందరూ దర్వాజలు ఊడదీసి లారీల్లో వేశారు. ఏది ఎవరిదో తెలియడానికి ఆంజనేయులు అందరి దర్వాజల మీదా సుద్దముక్కతో పేర్లు రాశాడు. అది నడివానాకాలం.

"సుద్దముక్కతోనా!" అన్నాను.

"బడిల అదే ఉండె, మేడమ్," అన్నాడు ఆంజనేయులు తల గోక్కుంటూ. "వానకు పేర్లన్ని కడుక్కపొయినయి. అన్నిటికి పసుపే, అన్నిటికి బొట్లే. ఎవరికి దొరికింది వాళ్లు దించుకున్నరు. మా దర్వాజ దించకముందే లారీ పోయింది, మల్ల రాలే. షాద్‌నగర్ దాంక పోయి అడ్డాలన్ని తిరిగిన."

"పోతే పోయింది. ఇంకొకటి పెట్టుకోవచ్చు కదా?"

ఆ మాట అన్నందుకు ఈరమ్మ నాకేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. "ఏమ్మా పంతులమ్మా, నా పెనిమిటి సొంత చేతులతోని చెక్కిండు. తామరపువ్వు ఎన్నడు జూడకపాయె, ఎరుకున్న సీతాఫలమే చెక్కిండు. గా కడప మీద నలభై ఏండ్లు పసుపు రాసిన. గది ఎవరి ఇంట్ల ఎట్లున్నదో ఎరుక లేకుంట నేను ఇంకో కడప దాటాల్నా?"

ఇదీ వరస. దసరా అయ్యాక ఆంజనేయులు, భార్య బొంబాయి పనులకు పోతారు. తలుపు లేని ఇంట్లో పన్నెండేళ్ల పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి ఎలా పోతారు? కాబట్టి పిల్ల కూడా బొంబాయి పోవాలి, బడి మానాలి. తలుపు పెడతానంటే ముసలావిడ గోనెపట్టా ముందు అడ్డంగా పడుకుంటుంది. కొడుక్కి తల్లిని కాదనే ధైర్యం లేదు. ఇంటిల్లిపాదీ పదేళ్లుగా ఒక పాత కట్టె కోసం కూర్చున్నారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మునిగిన ఊరి కోసం ఏడుస్తారని రెండు పేజీలు రాసుకొచ్చానే, ఇక్కడ ఊరి పేరు ఎత్తినవాళ్లే లేరు.

బాలమణి నన్ను నీళ్లు చూపించడానికి తీసుకుపోయింది. దూరంగా తెల్లగా కనిపించాయి. ఆ పిల్లకు వాటి మీద ఏ ఆసక్తీ లేదు.

"మా దోస్తులు కడప మీద కూసుంటే వాళ్ల అమ్మలు తిడ్తరు టీచర్. కడప మీద కూసోవద్దు, లే అని. నన్ను ఒక్కనాడు గట్ల ఎవరు తిట్టలే," అంది.

"తిట్లు తినడం కూడా గొప్పేనా?"

"మాకు కడప ఉంటే గద తిట్టేది?"

మా అమ్మ కూడా అవే మాటలు తిట్టేది. గడప మీద కూర్చోకు, గడప అవతల నుంచి ఏదీ ఇవ్వకు, తుమ్మితే ఆగి నీళ్లు తాగి పో. ఆ తిట్లకు నేనెంత విసుక్కునేదాన్నో గుర్తొచ్చింది.

పోచంపల్లి

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. నేను, బాలమణి, ఈరమ్మ, ఇంకా ఈరమ్మ చంకలో ఒక మోకు. తాడిచెట్టు ఎక్కేవాళ్లు వాడేంత లావు తాడు. దర్వాజను బస్సు మీద కట్టడానికట. దొరకని దర్వాజకు తాడెందుకని నేను మొత్తుకున్నా వినలేదు. బస్సు మారినప్పుడల్లా ఆ చుట్ట నా నెత్తిన పడింది.

పోచంపల్లిలో ఏ వీధిలోకి పోయినా మగ్గాల చప్పుడే. మూడేళ్ల కిందట నేను చీర కొన్న ఇల్లు వెంటనే గుర్తుపట్టాను. గర్వంగా ముందు నడిచాను. ఆ ఇంటి ద్వారబంధానికి చిలకలూ లేవు, సీతాఫలమూ లేదు. సాదా చెక్క, నీలం రంగు. వీధంతా తిరిగాం. చిలకలు ఒకచోట దొరికాయి కానీ మధ్యలో ఏనుగు.

ఈరమ్మ ఒక అరుగు మీద చతికిలబడింది. "అబద్ధాలు రాసి పైసలు తీసుకుంటరేమో," అంది నాకు వినబడేట్టుగా.

కోపం నషాళానికంటింది. పండగ సెలవులు వదులుకుని, మోకు మోసుకుంటూ తిరిగేది ఇందుకా! ఒక మాట అనబోయేంతలో బాలమణి నా చెయ్యి పట్టుకుంది.

"గుస్స చేయకుండ్రి టీచర్. గా దర్వాజ చూసిన్నాడు ఏం తిన్నరు?"

"ఏం తింటే ఏం?"

"చెప్పుండ్రి."

"ఏమీ తినలేదు. వాన పడుతోంది. బస్సు చెడిపోయింది. ఎవరో ఆవిడ లోపలికి రమ్మని పిలిచి నిమ్మనీళ్లిచ్చింది. చక్కెర కాదు, ఉప్పేసి. వసారా నిండా నిమ్మకాయల బస్తాలు, అవి తప్పుకుంటూ…"

అక్కడే మగ్గం మీద ఉన్న నేతాయన పని ఆపి తల తిప్పాడు. "నిమ్మకాయల బస్తాలు పోచంపల్లిల యాడుంటయమ్మా? గది నకిరేకల్. నిమ్మకాయల యాపారమంత గాడనే," అన్నాడు.

ఈరమ్మ మోకు తీసి మళ్లీ నా చేతిలో పెట్టింది. మూడేళ్ల పాటు పోచంపల్లి అనుకున్నది, ఒక గ్లాసు ఉప్పునీళ్లతో నకిరేకల్ అయిపోయింది. ఆ రోజు చీర కొన్నదీ, వానలో ఇరుక్కున్నదీ ఒకే ప్రయాణంలో కాబట్టి రెండూ కలిపేసుకున్నాను. నా బుర్రకు నేనే మొట్టికాయలు వేసుకున్నాను.

నకిరేకల్

హైవే పక్కన నిమ్మకాయల మార్కెట్టు. దాని వెనక సందులో మూడో ఇల్లు. దూరం నుంచే నాకు చిలకలు కనిపించాయి. ముక్కు విరిగిన చిలక, దాని పక్కన సీతాఫలం. నేనే చెక్కినంత సంబరపడి, "చూశారా! అబద్ధాలు రాశానా?" అని అరిచాను.

ఈరమ్మ అప్పటికే దగ్గరకు పోయి, చెయ్యెత్తి సీతాఫలాన్ని తడిమింది. మెల్లగా దర్వాజ పక్కకు ఒరిగి, తల దానికి ఆనించి నిలబడిపోయింది.

లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. పేరు రహీమాబీ. భర్తది నిమ్మకాయల వ్యాపారం. నన్ను గుర్తుపట్టింది. "వానల వచ్చిన టీచరమ్మ గదా! జర లోపటికి రాండ్రి," అంది. సంగతి చెప్పేసరికి ఆవిడ మొహం మారిపోయింది.

"మేం దొంగతనం చేయలేదమ్మా. షాద్‌నగర్ అడ్డాల ఖరీదు చేసినం. గీ దర్వాజల నుంచే నా ఇద్దరు బిడ్డలను అత్తగారింటికి సాగనంపిన. మా అత్త సచ్చిపోతే మయ్యత్ గీడికెళ్లే పోయింది."

మోకు నా చేతిలో ఉంది. రహీమాబీ ఆ మోకును చూస్తోంది. నేను దాన్ని వెనక్కి దాచుకున్నాను.

ఈరమ్మ లోపలికి తొంగి చూసింది. నట్టింట్లో ఉయ్యాల, అందులో పసిబిడ్డ. పురిటికి వచ్చిన కూతురు మంచం మీద లేచి కూర్చుంది. ముసలావిడ చాలాసేపు చూసి, "ఉండనీ బిడ్డా," అంది రహీమాబీతో. "ఇల్లు నిండ మనుషులున్నరు. ఉన్న ఇంటి దర్వాజను గుంజుకపోతే నాకేం మంచిగయితది?"

ఉన్నట్టుండి బాలమణి ఏడ్చింది. నవలలో నేను ఏడిపించినట్టు కాదు. ముక్కు కారుతూ, కోపంగా, కాళ్లు నేలకేసి కొడుతూ.

"మరి నేను? నన్ను బొంబాయి తోలుతరా? నా బడి?"

నా ఓపిక అయిపోయింది. "పదేళ్లు ఇంకో తలుపు పెట్టనివ్వలేదు. తీరా దొరికాక వద్దంటున్నావు. నీ పట్టుదల ఈ పిల్ల నెత్తి మీదకొచ్చిందమ్మా!" అని గట్టిగా అనేశాను. పెద్దావిడను అలా అనకూడదు. కానీ నాకు కోపమే కాదు, ఏడుపు కూడా వస్తోంది.

ఈరమ్మ నా మాట వింటున్నట్టు లేదు. నేల వైపు చూస్తోంది. దర్వాజ కింద సిమెంటు చదునుగా ఉంది.

"కడప ఏది?" అంది.

రహీమాబీ చీర కొంగు సర్దుకుంది. "తోపుడుబండి లోపటికి రావాలని మా ఆయన కడప తీసిండు. బట్టలుతుక పనికొస్తదన్నడు. నాకు మనసొప్పలే. ఎవరో ఆడమనిషి యేండ్లకేండ్లు పసుపు రాసిన కట్టె. దాని మీద బట్టలెట్ల ఉతుకుత?"

ఇంటి వెనక, వాన తగలని మూల, రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టి ఉంది. మూడున్నర అడుగుల మద్దికట్టె. నడిమధ్య కాళ్ల రాపిడికి అరిగిపోయింది. సందుల్లో పసుపు ఇంకా ఉంది. రహీమాబీ, కూతురు దాన్ని ఎత్తుకొచ్చారు. ఈరమ్మ బయట నిలబడి చేతులు చాపితే, రహీమాబీ ఆగింది.

"అట్ల కాదు పెద్దమ్మా. లోపటికి వచ్చి తీస్కో. బయట నిలబడ్డోళ్లకు ఇయ్యొద్దంటరు."

ఈరమ్మ తన మొగుడు చెక్కిన దర్వాజలోంచి లోపలికి నడిచి, తన కడపను తీసుకుంది. తర్వాత ముగ్గురికీ నిమ్మనీళ్లు వచ్చాయి. ఉప్పేసినవే.

బస్సు, కడప, మా తొడలు

మీరెప్పుడైనా గడపతో బస్సు ప్రయాణం చేశారా? చేయకండి. కండక్టర్ పైన వేయమన్నాడు. "కడపను నెత్తి మీద పెడ్తరా?" అంది ఈరమ్మ. సీటు కింద పెట్టమన్నాడు. "అందరు చెప్పులతోని తొక్కాల్నా?" అంది. చివరికి దాన్ని ముగ్గురం ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాం. నకిరేకల్ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి కొల్లాపూర్. మోకు మళ్లీ నా నెత్తినే. కండక్టర్ ఆ మొద్దుకూ టికెట్ కొట్టాడు. నా పుస్తకాల మూటకు కూడా ఎవరూ ఎప్పుడూ టికెట్ అడగలేదు.

జడ్చర్ల దగ్గర నా కాళ్లు తిమ్మిరెక్కి, కాసేపు నిలబడతానన్నాను. "నువ్వు నిలబడితే కడప వంగుతది పంతులమ్మా, కూసో," అంది ఈరమ్మ. కూర్చున్నాను. అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలను గడగడలాడించే మనిషిని నేను. బాలమణి మాత్రం దారి పొడుగునా ఆ కట్టె మీద రెండు చేతులూ ఆనించి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

మళ్లీ కాలనీ

మర్నాడు శుక్రవారం. ఆంజనేయులు గోనెపట్టా ఊడదీసి, గోడ ఖాళీలో కింద గుంట తవ్వాడు. కడప అడుగున ఏవో నవధాన్యాలు, ఒక రాగిపైసా వేశారు. ఈరమ్మ పసుపు రాసి బొట్లు పెట్టింది. పైన ఆంజనేయులు పొద్దున్నే కొల్లాపూర్ నుంచి తెచ్చిన సాదా వేపచెక్క దర్వాజ, దానికి రేకు తలుపు. చిలకలు లేవు, సీతాఫలం లేదు. దీనికి ఆవిడ ఒప్పుకుంటుందా అని నేను భయపడ్డాను.

"మీద ఏదుంటేంది? కాలు పెట్టేది గిదే గదా," అంది.

ఈ ముక్క పదేళ్ల కిందటే తోచి ఉంటే అందరికీ బాధ తప్పేది. అనబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడు కడప కూడా లేదు కదా పాపం. ఆంజనేయులు తలుపుకు గొళ్లెం బిగించి, నాలుగుసార్లు వేసి, తీసి చూశాడు. బొంబాయికి తానూ, భార్యా పోతామనీ, పిల్ల అవ్వ దగ్గరే ఉండి చదువుకుంటుందనీ చెప్పాడు. చెప్పి గబగబా నీళ్లు తెచ్చే మిషతో అవతలికి పోయాడు. కూతుర్ని వదిలి పోవడం కూడా తేలిక కాదు.

నేను సంచిలోంచి నా చివరి భాగం తీశాను. పిల్ల నీటి ఒడ్డున నిలబడి ఏడ్చే రెండు పేజీలు. చదివి చూస్తే నాకే సిగ్గేసింది. ఈరమ్మ పొయ్యి రాజేస్తుంటే అడిగి అందులో వేశాను. పాయసం ఉడకడానికి ఆ మాత్రమైనా పనికొచ్చాయి.

పాయసం గిన్నె తీసుకుని బాలమణి ఇంట్లోంచి బయటకు, బయటి నుంచి ఇంట్లోకి పదిసార్లు కడప దాటింది. తర్వాత గిన్నె ఒళ్లో పెట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, నింపాదిగా కడప మధ్యలో, అరిగిన చోట కూర్చుంది.

ఈరమ్మ పొయ్యి దగ్గర నుంచే చూసింది. గరిటె ఎత్తింది.

"ఏమే బాలమణీ! కడప మీద కూసుంటరానే? లే! బుద్ధి లేదా నీకు?"

పిల్ల లేవలేదు. మొహమంతా నవ్వు.

"ఇంకోపారి తిట్టు అవ్వా," అంది.